హేవలాక్: మన పాత వంతెన మీదున్న ఆ ఇంటిపేరు ఎక్కడిది?

ప్రశ్న అడిగినావిడది కొవ్వూరు, ఇప్పుడు ఉండేది ఇంగ్లండులో. ఆఫీసులో కొత్తగా చేరిన ఒకాయన ఇంటిపేరు హేవలాక్ అట. "చిన్నప్పటి నుంచీ చూసిన మన గోదావరి రైలు వంతెన పేరు ఈయన ఇంటిపేరుగా వినబడేసరికి ఉలిక్కిపడ్డాను. సింగపూర్‌లో ఆ పేరుతో రోడ్డుంది, అండమాన్‌లో దీవి ఉండేది, న్యూజీలాండ్‌లో ఊళ్లున్నాయి. అంత పెద్ద వంశమా అది? ఆ మాటకు అర్థమేమిటి? ఈయన మన వంతెన దొర వారసుడే అనుకోవచ్చా?" అని అడిగారు.

అమ్మా, ముందు మూడో ప్రశ్నకు జవాబు: అనుకోకండి. అలాగని కొట్టిపారేయకండి కూడా. ఎందుకో చివర్లో చెబుతాను. నేను ఉండేది ఇంగ్లండు ఈశాన్య మూల, సండర్లాండుకు దగ్గర్లో. పాతికేళ్లుగా సెలవు రోజుల్లో నా వ్యాపకం పాత చర్చి రిజిస్టర్లు తిరగెయ్యడం. హేవలాక్ పేరు నాకూ మీలాగే గోదారి గట్టు మీదే పరిచయం. పాసింజరు బండి వంతెన ఎక్కగానే మా నాయనమ్మ కొంగు ముడి విప్పి పది పైసల బిళ్ల నా చేతిలో పెట్టేది, గోదారమ్మకు వెయ్యమని. మా తాత మాత్రం ప్రతిసారీ ఒకటే పాట: "ధవళేశ్వరంలో లాకులు కట్టినాయన పేరురా ఇది, అందుకే హేవ'లాకు' అన్నారు." ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు ముప్పయ్యేళ్లు పట్టింది. లాకులు కట్టించింది కాటన్ దొర. హేవలాక్‌కు లాకులతో ఏ సంబంధమూ లేదు. పైగా ఆ కాటన్ పేరుకు పత్తితో సంబంధం లేదు! పత్తిని చెప్పే కాటన్ అరబ్బీ మాట. ఇంటిపేరు కాటన్ పాత ఇంగ్లీషులో 'గుడిసెల దగ్గర' అని. ఆ పేరున్న పల్లెలు ఇంగ్లండులో చాలా ఉన్నాయి, వాటి నుంచి వచ్చినవాళ్లంతా కాటన్లే. మన ఊరి పేర్లు ఇంటిపేర్లయినట్టే అనుకోండి.

సరే, హేవలాక్ సంగతి. ఇది ఊరి పేరు కాదు, వృత్తి పేరూ కాదు. ఒకప్పుడు మగపిల్లలకు పెట్టుకున్న పేరు. ఎక్కువ మంది పండితులు ఒప్పుకునేది దీని మూలం పాత స్కాండినేవియా భాషలోని 'హాఫ్‌లేక్ర్' అని. 'హాఫ్' అంటే సముద్రం, 'లేక్ర్' అంటే ఆట. కడలి ఆట, మన కావ్యాల మాటలో జలక్రీడ. ఆ రెండో ముక్క దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు రుచంతా అక్కడే ఉంది. ఆ 'లేక్ర్' ఇవాళ్టి డేనిష్ భాషలో 'లై' అని పలికే మాటయింది, రాసేటప్పుడు మాత్రం చివర గకారం ఉంటుంది. 'చక్కగా ఆడుకో' అన్న డేనిష్ మాటలు రెండు కలిపి పిల్లల ప్లాస్టిక్ ఇటుకల కంపెనీ తన పేరు పెట్టుకుంది. మీ ఇంట్లోనూ కాళ్లకు గుచ్చుకుంటూనే ఉంటాయి ఆ లెగో ముక్కలు. యార్క్‌షైర్ పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆడుకోవడాన్ని 'లేకింగ్' అంటారు. పని లేక ఇంట్లో కూర్చోవడానికీ అదే మాట.

ఆ స్కాండినేవియా మాటకు పాత ఇంగ్లీషులో తోడబుట్టినది 'లాక్'. పెళ్లిబంధాన్ని చెప్పే 'వెడ్‌లాక్'లో ఉన్నది అదే. పెళ్లికి తాళం వేశారని జోకులు వేస్తారు గానీ అక్కడున్నది తాళం కాదు, 'మాట ఇచ్చుకునే పని' అని దాని అర్థం. అలాగే లింకన్‌షైర్‌లో క్రోలండ్ అనే ఊళ్లో చిత్తడి నేలల మధ్య తపస్సు చేసిన ఒక సాధువు పేరు గుత్‌లాక్, అంటే 'యుద్ధ క్రీడ'. సాధువు పేరు అది! సన్యసించక ముందు సైనికుడు లెండి. గుడ్‌లేక్ అన్న ఇంటిపేరు ఆ గుత్‌లాక్ నుంచి వచ్చిందే. కానీ 'లాక్'తో ముగిసే ఇంటిపేర్లన్నీ ఈ తీగవి కావు. విట్‌లాక్‌లో ఉన్నది జుట్టు, తెల్ల జుట్టువాడని. షెర్లాక్ కూడా జుట్టే, మెరిసే జుట్టు. మూడు వేర్వేరు పాత మాటలు అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. చెవికి ఒకలా వినబడింది కదా అని ఇంటిపేరుకు అర్థం చెప్పేస్తే మా తాత లాకుల కథే మళ్లీ.

అర్థం విషయంలో రెండో వాదం కూడా ఉంది, దాచను. 'ఓలాఫ్' అనే స్కాండినేవియా పేరు కెల్టిక్ నోళ్లలో, అంటే ఐర్లండు, వేల్స్ వంటి చోట్ల పాత భాషలవాళ్ల నోళ్లలో పడి 'అబ్లోక్' వంటి రూపం తీసుకుంది, అదే హేవలాక్ అయిందని కొందరంటారు. వాళ్లకున్న ఆధారం తీసిపారేసేది కాదు. హేవలాక్ పేరు మొదట రాతలో ప్రముఖంగా కనబడేది ఒక కథలో. ఆ కథ పాత ఫ్రెంచి రూపంలో నాయకుడికి 'కువరన్' అని మారుపేరుంది. పదో శతాబ్దంలో యార్క్‌నూ డబ్లిన్‌నూ ఏలిన ఓలాఫ్ అనే రాజుకు కూడా అదే మారుపేరు. నా మటుకు నేను ఇంటిపేరుకు కడలి ఆటనూ, కథానాయకుడికి ఓలాఫ్ నీడనూ ఒప్పుకుంటాను. రెండూ ఒకే ప్రాంతంలో కలిసిపోయి ఉండొచ్చు.

ఆ కథ మీకు తెలిసి ఉండదు. తెలిస్తే మన పేదరాశి పెద్దమ్మ కథల్లో ఒకటి అనుకుంటారు. డెన్మార్క్ రాజు చనిపోతూ పసివాడైన కొడుకును ఒక ప్రభువుకు అప్పగిస్తాడు. ఆ ప్రభువు రాజ్యం కాజేసి, పిల్లాణ్ణి సముద్రంలో పడెయ్యమని గ్రిమ్ అనే జాలరికి ఇస్తాడు. రాత్రి గుడిసెలో నిద్రపోతున్న పిల్లాడి నోట్లోంచి వెలుగు వస్తుంది, భుజం మీద రాజచిహ్నం కనబడుతుంది. జాలరి కాళ్ల మీద పడి, పెళ్లాం బిడ్డలతో సహా వాణ్ణి పడవెక్కించుకుని ఇంగ్లండు తూర్పు ఒడ్డున, హంబర్ నది సముద్రంలో కలిసే చోట దిగుతాడు. అతని పేరు మీద వెలిసిన ఊరే గ్రిమ్స్‌బీ. పిల్లాడు పెద్దవాడై, కరువు వస్తే లింకన్ పట్నం వెళ్లి వంటవాడి దగ్గర నీళ్లు మోస్తాడు, కట్టెలు కొడతాడు. బండరాయి విసిరే పందెంలో అందరినీ ఓడిస్తాడు. రాజ్యం దక్కకుండా చేద్దామని ఇంగ్లండు రాకుమారిని బలవంతాన ఈ కూలివాడికిచ్చి కట్టబెడతారు. తర్వాత మీరే ఊహించుకోవచ్చు, రెండు రాజ్యాలూ అతనివే.

ఇంగ్లీషులో ఈ కథ దాదాపు మూడు వేల పంక్తులతో 13వ శతాబ్దం చివర లింకన్‌షైర్ మాండలికంలో రాయబడింది. సాధువుల చరిత్రలతో కలిపి కుట్టిన రాతప్రతిలో ఎవరికీ పట్టకుండా పడి ఉంటే 1828లో అచ్చయింది. గ్రిమ్స్‌బీ పట్టణం పాత ముద్ర మీద గ్రిమ్, రాకుమారి, 'హబ్లోక్' ముగ్గురి బొమ్మలూ పేర్లతో సహా ఉన్నాయి. కథ నిజమని కాదు నేను చెప్పేది. ఆ ప్రాంతంలో ఆ పేరు జనం నోట ఉండేదని ఆ ముద్ర రుజువు చేస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, వచ్చి స్థిరపడిన నేల అది, ఊళ్ల పేర్ల చివర 'బీ' అని ఉంటే వాళ్లు పెట్టినవే. 

ఇప్పుడు ఒక చిక్కు. పిల్లలకు పెట్టే పేరు ఇంటిపేరుగా ఎప్పుడు మారింది? 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక రెండు మూడు తరాల్లోనే పాత పేర్లు వెనకబడి విలియం, రాబర్ట్, జాన్ అన్నవే ఇంటింటా మోగాయి. ఒక్కో ఊళ్లో పది మంది జాన్‌లు. ఫలానా వాడి కొడుకు జాన్ అనో, ఫలానా వీధి జాన్ అనో చెప్పాల్సొచ్చింది. ఆ 'ఫలానా'యే గడ్డకట్టి ఇంటిపేరయింది. 1400 నాటికి ఇంగ్లండులో చాలామందికి తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఇంటిపేరు స్థిరపడింది. కాబట్టి హేవలాక్ లాంటి పాత పేరు ఇంటిపేరుగా మిగిలిందంటే, ఆ పేరు వాడుక పోకముందే ఎక్కడో ఒకచోట, మహా అయితే రెండు మూడు చోట్ల, ఒక హేవలాక్ కొడుకులకు అది అతుక్కుందన్న మాట. స్మిత్ అనే పేరు ప్రతి ఊరి కమ్మరి కొలిమి దగ్గరా విడిగా పుట్టింది. ఇది అలా పుట్టడానికి వీలు లేదు. అరుదైన ఇంటిపేరుకు ఉన్న విలువ అదే: మూలాలు తక్కువ. మన దగ్గర ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది, చుట్టరికం ఉండదు. స్మిత్‌లది ఆ పరిస్థితి.

ఈ మాట ఊహ మీద చెప్పడం లేదు. 2000లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరే అయిన సైక్స్ మీద పరీక్ష చేశాడు. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది, వై క్రోమోజోము కూడా అలాగే వస్తుంది, రెండూ కలిసి నడిచాయా అని చూడటం. చుట్టరికం తెలియని 48 మంది సైక్స్‌లను పరీక్షిస్తే దాదాపు 44 శాతం మందికి ఒకే వై క్రోమోజోము తేలింది. అంతవరకూ ఆ పేరు చాలా చోట్ల విడివిడిగా పుట్టిందనే అనుకునేవారు. తర్వాత 2006లో లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకే ఇంటిపేరున్న 150 జంటలను తీసుకుని చూశారు. పావు వంతు జంటలకు దగ్గరి ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడు. అరుదైన ఇంటిపేర్లను మాత్రమే తీసుకుంటే అది సగం దాకా వెళ్లింది. మిగతా సగం ఏమైంది అంటే దత్తతలు, తల్లి ఇంటిపేరు తీసుకున్నవాళ్లు, మారుపేర్లు, ఇంకా ఎవరూ పైకి చెప్పని సంగతులు. అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరున్న 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో పశ్చిమ ఆఫ్రికా మూలం ఉన్న వై క్రోమోజోము కనబడింది. చూడటానికి అందరూ తెల్లవాళ్లే, ఎవరికీ ఆ సంగతి తెలియదు.

మరి మూలం ఒకటి రెండే అయితే కొన్ని పేర్లు లక్షలకు పెరిగి, కొన్ని వందల్లో ఎందుకు ఆగిపోయాయి? ఈ ప్రశ్నకూ పాత చరిత్రే ఉంది. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక పత్రికలో లెక్కగా ఇచ్చాడు: ఒక్కొక్కరికి ఇంతమంది కొడుకులు పుట్టే అవకాశం ఉంటే, కొన్ని తరాలకు ఎన్ని ఇంటిపేర్లు అంతరిస్తాయి? వాట్సన్ అనే మతాధికారి లెక్క కట్టాడు. కొంత తప్పుతో కట్టాడు గానీ దారి సరైనదే, ఇవాళ అణు చర్యల నుంచి అంటురోగాల దాకా ఆ లెక్క వాడతారు. సారాంశం తేలిక. ముగ్గురూ కూతుళ్లే పుడితే ఆ కొమ్మలో పేరు పోయింది. ఇద్దరు కొడుకులు యుద్ధంలో పోతే పోయింది. ఎవరి తప్పూ లేకుండా, రక్తం సాగుతూనే, పేరు ఆరిపోతుంది. ప్రశ్న వేసిన గాల్టన్‌కు పిల్లలే లేరు.

హేవలాక్‌లది ఈ రెండో జాబితా. ఇంగ్లండులో ఎప్పుడూ కొద్దిమందే. అందుకే మీ మొదటి ప్రశ్న నాకు నచ్చింది: మనుషులు కొద్దిమంది అయితే ప్రపంచ పటం మీద ఇన్ని హేవలాక్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి?

దాదాపు అన్నీ ఒకే ఇంటి నుంచి. సండర్లాండులో, బిషప్‌వియర్‌మౌత్ పారిష్‌లో, అంటే ఆ చర్చి పరిధిలో, విలియం హేవలాక్ అనే ఓడలు కట్టే వ్యాపారి ఉండేవాడు. 'కడలి ఆట' ఇంటిపేరు ఓడలు కట్టేవాడికి ఉండటం నాకు ఎప్పుడూ సరదాగానే ఉంటుంది. తమ పెద్దలు గ్రిమ్స్‌బీ వైపు నుంచి వచ్చారని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. అది ఇంటి కథ, అంతకు మించి తూకం వెయ్యకండి. ఆయనకు నలుగురు కొడుకులు, నలుగురూ సైన్యంలో చేరారు. రెండోవాడు హెన్రీ, 1795లో ఫోర్డ్ హాల్ అనే ఇంట్లో పుట్టాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. హెన్రీ చిన్నతనంలోనే తండ్రి ఆస్తి అమ్మి దక్షిణాన కెంట్‌కు వెళ్లిపోయాడు.

హెన్రీ 1823లో ఇండియా వచ్చి బర్మా, అఫ్గాన్, సిక్కు యుద్ధాల్లో తిరిగాడు. సేరంపూర్ బాప్టిస్టు మిషనరీ జాషువా మార్ష్‌మన్ కూతుర్ని చేసుకుని ఆ మతశాఖలోనే చేరాడు. అరవై దాటేదాకా పెద్ద పేరేమీ లేదు. 1857లో కాన్పూరును తిరిగి పట్టుకోవడం, లక్నో ముట్టడిలో చిక్కుకున్న తెల్లవాళ్ల దగ్గరికి సెప్టెంబరులో దారి చేసుకుని చేరడం ఆయన్ని లండన్‌లో దేవుణ్ణి చేసేశాయి. ఆ దారి పొడవునా ఆ సైన్యాలు మన జనాన్ని ఎలా ఉరితీశాయో కూడా చరిత్రలో ఉంది, దాన్ని వదిలేసి ఈ పేరు గురించి మాట్లాడటం కుదరదు. నవంబరు 24న లక్నోలో విరేచనాలతో చనిపోయాడు. రెండు రోజుల తర్వాత, ఆ కబురు ఇంకా చేరకుండానే, లండన్‌లో ఆయనకు బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు ఇచ్చారు. చావు కబురు జనవరిలో చేరింది.

పేరు విత్తనాల్లా ఎగిరింది అప్పుడే. 1858లో సింగపూర్ మునిసిపాలిటీ వాళ్లు రోడ్లకు హేవలాక్, అవుట్రమ్, నీల్ అని 1857 సేనానుల పేర్లు పెట్టారు. న్యూజీలాండ్‌లో హాక్స్ బే జిల్లాలో నేపియర్, హేస్టింగ్స్, క్లైవ్ అనే ఊళ్ల సరసన హేవలాక్ నార్త్ వెలిసింది. ఆ ఊళ్ల పేర్లు వరసగా చదివితే మన బళ్లో చరిత్ర పాఠం గుర్తొస్తుంది. అదే దేశంలో దక్షిణ దీవిలో ఇంకో హేవలాక్ ఉంది, అణువును ఛేదించిన రూథర్‌ఫర్డ్ చదువుకున్న చిన్న బడి అక్కడే. అమెరికాలో నార్త్ కరోలైనాలో ఒకటి, కెనడాలో ఒకటి. నెబ్రాస్కాలో రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన హేవలాక్‌ను 1930లో పక్కనున్న పట్నంలో కలిపేశారు. ఆ పట్నం పేరు లింకన్! జాలరి ఇంట్లో పెరిగిన కుర్రాడు లింకన్ వెళ్లినట్టు ఏడు వందల ఏళ్ల తర్వాత అతని పేరూ లింకన్ చేరింది. కాకతాళీయమే, కానీ రాత్రి పన్నెండింటికి పటం చూస్తూ ఇది కనబడినప్పుడు నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఎండకు మెడ మాడకుండా సిపాయి టోపీ వెనక వేలాడే గుడ్డ ఉంటుంది చూడండి, దానికీ హేవలాక్ అనే పేరు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు వేల కొద్దీ కుట్టి పంపారు. సైనికులకు అవి ఉక్కపోతగా తోచి, కాఫీ వడగట్టుకోవడానికి వాడుకున్నారు. మగపిల్లలకు కూడా ఆ పేరు మళ్లీ తిరిగొచ్చింది. 1859లో పుట్టిన మనస్తత్వవేత్త హేవలాక్ ఎల్లిస్ ఆ గాలిలో పేరు పెట్టించుకున్నవాడే, ఆయన ఇంటిపేరు ఎల్లిస్. అంటే వ్యక్తి పేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు ఆరు వందల ఏళ్లకు మళ్లీ వ్యక్తి పేరైంది. వంశవృక్షాలు గీసేవాళ్లు జారిపడేది ఇక్కడే. 1857 తర్వాతి రిజిస్టర్లలో నడిమి పేరుగా హేవలాక్ కనబడితే అది చుట్టరికానికి సాక్ష్యం కాదు. మనవాళ్లు పిల్లలకు గాంధీ, బోస్ అని పెట్టుకున్నట్టు.

అండమాన్ దీవి కూడా ఈ హెన్రీదే. 2018 డిసెంబరులో దాన్ని స్వరాజ్ ద్వీప్ చేశారు. దాని పక్కనున్న నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్‌లోని (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) మన తెలుగువాళ్లు మాటల్లో ఇంకా హేవలాకే అంటారు. లండన్‌లో సౌథాల్ వెళితే పెద్ద గురుద్వారా ఉంది, అది ఉన్న వీధి ఒకప్పుడు హేవలాక్ రోడ్డు. హెన్రీ అన్న విలియం 1848లో చీనాబ్ ఒడ్డున రామ్‌నగర్ దగ్గర సిక్కు సైన్యం మీదికి గుర్రం దూకించి చనిపోయినవాడు. గురుద్వారా ఉన్న ఆ వీధి భాగానికి ఇప్పుడు గురునానక్ పేరు పెట్టారు.

ఆ విలియం దగ్గరే మన వంతెన కథ మొదలు. ఈయన కుర్రతనంలో స్పెయిన్ యుద్ధంలో గుర్రంతో అడ్డుగోడ దూకితే స్పెయిన్ సిపాయిలు 'తెల్ల కుర్రాడు' అని కేకలేశారట. రామ్‌నగర్‌లో చనిపోయేనాటికి ఆయన కొడుకుల్లో ఒకడైన ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్‌కు నాలుగేళ్లు. ఈ ఆర్థర్ కూడా సైన్యంలో చేరి, తర్వాత బ్రిటిష్ వలస రాజ్యాల కొలువుకు మారాడు. సియెర్రా లియోన్, ట్రినిడాడ్, నటాల్, సిలోన్, మద్రాసు, టాస్మేనియా, ఇన్ని చోట్ల గవర్నరు. మద్రాసులో 1896 నుంచి 1900 దాకా. గోదావరి మీద రైలు వంతెన పని 1897లో మొదలై 1900లో ముగిసింది. 56 ఖానాలు, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు. వేసింది వాల్టన్ అనే ఇంజనీరు, కాశీలో గంగ మీద వంతెన వేసింది కూడా ఆయనే. పేరు మాత్రం అప్పుడు గద్దె మీదున్న గవర్నరుది పడింది. కొలంబోలో హేవలాక్ టౌన్ కూడా ఈయనదే. ఇంటర్నెట్‌లో చాలామంది మన వంతెనకు 1857 సేనాని పేరు పెట్టారని రాస్తున్నారు, తప్పు. ఆయన ఈయనకు పినతండ్రి. 1997లో వంతెన మీద రైళ్లు ఆగిపోయాయి, పేరు ఆగలేదు.

అంటే పటం మీద ఉన్నదంతా ఒక పినతండ్రి, ఒక కొడుకు వరస. ఊళ్లు, రోడ్లు, వంతెనలు పెరిగాయి గానీ హేవలాక్‌లు పెరగలేదు. ఆఖరికి సేనాని సొంత కొమ్మలో కూడా పేరు అలాగే మిగల్లేదు. ఆయన కొడుకు 1880లో డార్లింగ్టన్ దగ్గరి బంధువు ఆస్తి వచ్చినందుకు అలన్ అన్న పేరు కలుపుకుని హేవలాక్-అలన్ అయ్యాడు. మన దగ్గర దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారిపోతుంది. వీళ్లు పాతది వదలకుండా కొత్తది తగిలించుకుంటారు. సినిమా నిర్మాత ఆంథొనీ హేవలాక్-అలన్ ఆ ఇంటివాడే.

ఉత్త హేవలాక్‌లుగా ఉన్నవాళ్లలో పేరు తెచ్చుకున్నవాళ్లు వేరే ఉన్నారు. నాకు ఇష్టమైనవాడు 1877లో న్యూకాసిల్‌లో పుట్టిన గణితవేత్త థామస్ హేవలాక్. జీవితమంతా ఆయన లెక్క కట్టింది ఓడ కదులుతుంటే నీటిలో లేచే అలలను, అవి ఓడను ఎంత వెనక్కి లాగుతాయన్న సంగతిని. కడలి ఆట!

ఇక మీ ఆఫీసులో ఆయన గురించి. ఆయన ఏం చేస్తే తెలుస్తుందో చెబుతాను. ముందుగా, ఊళ్లో సంతల్లో ఇంటిపేరు చెబితే కులచిహ్నం అచ్చువేసి ఇచ్చే కప్పులు కొనొద్దనండి. ఇంగ్లండులో ఆ చిహ్నాలు వ్యక్తికి ఇస్తారు, ఇంటిపేరుకు కాదు. నేనూ ఒకప్పుడు డబ్బు కట్టి మోసపోయాను, మా ఇంటిపేరుకు కూడా ఒక సింహం బొమ్మ పంపారు! తర్వాత తాత, ముత్తాత పుట్టిన తేదీలు పోగు చేసుకోమనండి. జనన మరణాల రిజిస్ట్రేషను 1837 జూలై నుంచి ఉంది. జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లు 1841 నుంచి పదేళ్లకోసారి దొరుకుతాయి, 1931వి మంటల్లో పోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. అంతకు వెనక్కి వెళ్లాలంటే చర్చి రిజిస్టర్లు, 1538లో రాజాజ్ఞతో మొదలైనవి, కొన్నిచోట్ల ఎలకలు తినగా మిగిలినవి. వెతికేటప్పుడు స్పెల్లింగు పట్టుకుని కూర్చోకూడదు. గుమాస్తా విన్నట్టు రాశాడు కాబట్టి హావ్‌లాక్, హేవర్‌లాక్, హబ్లాక్ వంటివి కూడా చూడాలి. దొర వారసుడు అవ్వాలంటే ఆ గీత కెంట్ గుండా వెళ్లాలి, ఎందుకంటే ఆ ఇల్లు సండర్లాండు వదిలేసింది. గీత ఈశాన్యంలోనే ఆగిపోతే ఆయన వేరే కొమ్మవాడు, బహుశా నాలుగు శతాబ్దాల కింద ఎక్కడో కలుస్తాడు.

పేరు గురించి ఆయన్ని అడిగేటప్పుడు వంతెన ఫోటో ఒకటి చూపించండి. ముత్తాత పుట్టిన ఊరు బిషప్‌వియర్‌మౌత్ చుట్టుపక్కల అని తేలితే నాకు రాయండి. ఆ రిజిస్టర్ల నకళ్లు మాకు దగ్గర్లోనే ఉన్నాయి, వచ్చే శనివారం ఎలాగూ వేరే పని మీద వెళ్తున్నాను.